తక్కువ ఖర్చులో ఇంటర్నేషనల్ స్టడీస్ డిగ్రీ: కోర్సుల్ని ఎలా పోల్చుకోవాలి, మొదటి నుంచి చివరిదాకా

అదేం చదువు, ఎంతవుతుంది. పిల్లలు ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదువుతాం అన్నప్పుడు మన ఇళ్ళల్లో వచ్చే ప్రశ్నలు ఈ రెండే. మొదటిదానికి జవాబు ఈజీనే: దేశాల మధ్య సంబంధాలు, యుద్ధాలు, ఒప్పందాలు, వ్యాపారం, వలసలు, ఐక్యరాజ్యసమితి లాంటి సంస్థలు, వీటి వెనక రాజకీయం ఏంటో చదివే సబ్జెక్టు. ఒక్కో యూనివర్సిటీ ఒక్కో పేరు పెడుతుంది, ఇంటర్నేషనల్ స్టడీస్ అని, గ్లోబల్ అఫైర్స్ అని, పాలిటిక్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ అని, లోపల సరుకు ఇంచుమించు ఒకటే. చిక్కంతా రెండో ప్రశ్న దగ్గరే, ఎందుకంటే ఇదే సబ్జెక్టుని మన దేశంలోనే ఏడాదికి వందల్లో ట్యూషన్ ఫీజు కట్టి చదివేవాళ్ళున్నారు, లక్షలు కట్టి చదివేవాళ్ళూ ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ సబ్జెక్టులో ఫీజు ఎక్కువైతే చదువు బాగుంటుందనేం లేదు, ఇండియాలో దీనికి మంచి పేరున్న డిపార్ట్‌మెంట్లు చాలావరకు గవర్నమెంట్ యూనివర్సిటీల్లోనే ఉన్నాయి. మామూలు మధ్యతరగతి ఇంటి పిల్లలకి నేను చెప్పేదేంటంటే డిగ్రీ ఇంటికి దగ్గర్లో తక్కువ ఖర్చులో చెయ్యండి, ఆ మూడేళ్ళలో ఒక విదేశీ భాష గట్టిగా పట్టండి, ఎంఏ మాత్రం మంచి సెంట్రల్ యూనివర్సిటీలో చెయ్యండి. ఈ దారి అందరికీ కుదరకపోవచ్చు, అందుకే మిగతా దారుల్ని కూడా పక్కపక్కన పెట్టి ఎలా చూడాలో స్టెప్ బై స్టెప్ రాస్తున్నా.

స్టెప్ 1: చదివాక ఏం చెయ్యాలో ముందు రాసుకోండి

ఇది తేల్చుకోకుండా కాలేజీల లిస్ట్ తీస్తే ప్రతి కాలేజీ బాగున్నట్టే అనిపిస్తుంది.

ఐఎఫ్‌ఎస్ అంటే ఇండియన్ ఫారిన్ సర్వీస్ మీ లక్ష్యం అయితే ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, దానికి ఇంటర్నేషనల్ రిలేషన్స్ డిగ్రీ అక్కర్లేదు. యూపీఎస్సీ సివిల్స్ రాయడానికి ఏదో ఒక గుర్తింపు ఉన్న డిగ్రీ, 21 ఏళ్ళు నిండిన వయసు ఉంటే చాలు, బీకాం అయినా బీటెక్ అయినా ఒకటే. విదేశాంగ మంత్రి జైశంకర్ గారు డిగ్రీలో కెమిస్ట్రీ చదివారు, ఆ తర్వాత జేఎన్‌యూలో, అంటే ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీలో, పొలిటికల్ సైన్స్ ఎంఏ, ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో పీహెచ్‌డీ చేశారు. కాబట్టి "ఐఎఫ్‌ఎస్ కావాలంటే మా బీఏలో చేరాలి" అని ఎవరైనా లక్షలు అడుగుతుంటే ఆ మాట నమ్మొద్దు. ఈ సబ్జెక్టు చదవడం వల్ల లాభం లేదని కాదు, సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆప్షనల్ ఉంది, జీఎస్ అంటే జనరల్ స్టడీస్ రెండో పేపర్లో కూడా విదేశాంగ విధానం ఉంటుంది, రెండిటికీ పనికొస్తుంది.

లెక్చరర్ అవ్వాలనుకుంటే డిగ్రీ మీద ఉండే పేరు చాలా ముఖ్యం, దాని గురించి కింద చెప్తా. రీసెర్చ్, థింక్ ట్యాంకులు, ఎన్జీవోలు, ఐక్యరాజ్యసమితి సంస్థలు అయితే ఎంఏ తప్పనిసరి లాంటిదే, ఒక్క బీఏతో ఆ తలుపులు తెరుచుకోవడం కష్టం. కంపెనీల వైపు, అంటే ఎగుమతులు, రిస్క్ రిపోర్టులు, విదేశీ క్లయింట్లతో పని, ఇలాంటివి అయితే డిగ్రీ కంటే భాష, ఎకనామిక్స్, ఎక్సెల్ ఎక్కువ పనికొస్తాయి.

స్టెప్ 2: బీఏని, ఎంఏని కలిపి ఒకే లిస్టులో పెట్టకండి

ఇండియాలో ఇంటర్నేషనల్ రిలేషన్స్ పేరుతో బీఏ ఇచ్చే గవర్నమెంట్ యూనివర్సిటీలు తక్కువ. కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీలో ఈ సబ్జెక్టుకి విడిగా డిపార్ట్‌మెంట్ ఉంది, బీఏ, ఎంఏ రెండూ ఉన్నాయి, రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ఫీజు చాలా తక్కువ. ప్రైవేట్‌లో బీఏలు చాలా ఉన్నాయి, సోనీపత్‌లో ఓపీ జిందాల్ యూనివర్సిటీకి దీనికోసం ప్రత్యేకంగా ఒక స్కూలే ఉంది, పేరు బాగానే ఉంది కానీ ఫీజు ఏడాదికి లక్షల్లో. స్కాలర్‌షిప్ రాకపోతే అక్కడికోసం అప్పు చెయ్యమని నేను ఎవరికీ చెప్పను.

మరి మన దగ్గర ఇంటర్ అయినవాళ్ళు ఏం చెయ్యాలి? తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రాలో ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల ద్వారా పొలిటికల్ సైన్స్ ఉన్న బీఏ తీసుకోండి. హెచ్‌ఈపీ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కాంబినేషన్ దొరికితే దీనికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఎంఏలో ఈ మూడూ పనికొస్తాయి. ఆంధ్రాలో మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది, అక్కడ పొలిటికల్ సైన్స్ గానీ ఎకనామిక్స్ గానీ మేజర్‌గా, రెండోది మైనర్‌గా పెట్టుకోవచ్చు. ఇంకో మంచి దారి హైదరాబాద్‌లోని ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, అది సెంట్రల్ యూనివర్సిటీ, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, రష్యన్, అరబిక్, జపనీస్ లాంటి భాషల్లో డిగ్రీ ఇస్తుంది. భాషలో బీఏ చేసి తర్వాత ఇంటర్నేషనల్ స్టడీస్‌లో ఎంఏ చేసిన మనిషికి ఉండే బలం వేరు, మన పిల్లలు ఈ దారిని పెద్దగా పట్టించుకోవడం లేదని నాకు బాధగా ఉంటుంది.

నాలుగేళ్ళ డిగ్రీ గురించి ఒక్క మాట. నాలుగేళ్ళ ఆనర్స్ చేస్తే కొన్నిచోట్ల ఎంఏ ఏడాదిలో అయిపోతుంది, మూడేళ్ళ డిగ్రీ అయితే ఎంఏ రెండేళ్ళు. మొత్తం ఐదేళ్ళే. కాబట్టి నాలుగో ఏడు ఇంటి దగ్గర ఉండటమా, రెండేళ్ళూ బయట ఉండటమా అన్నది ఖర్చు లెక్కలో చూసుకోండి.

స్టెప్ 3: ఎంఏ కోసం అసలైన లిస్ట్

ముందు జేఎన్‌యూ. అక్కడి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌గా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. ఎంఏ ట్యూషన్ ఫీజు చాలా ఏళ్ళుగా ఏడాదికి 216 రూపాయలు, మీరు చదివింది కరెక్టే, రెండు వందల పదహారు. దీనికి చిన్నచిన్న ఫీజులు, హాస్టల్, మెస్ కలుస్తాయి. రష్యా, పశ్చిమాసియా, ఆఫ్రికా, తూర్పు ఆసియా ఇలా ఒక్కో ప్రాంతం మీద ప్రత్యేకంగా పనిచేసే సెంటర్లు ఉన్నాయి, పక్కనే భాషల స్కూల్ ఉంది. దేశంలో ఈ సబ్జెక్టుకి ఇంత తక్కువ ఖర్చులో ఇంత పెద్ద లైబ్రరీ, ఇంతమంది ప్రొఫెసర్లు ఇంకెక్కడా దొరకరని నా గట్టి నమ్మకం. పోటీ కూడా ఆ రేంజ్‌లోనే ఉంటుంది కాబట్టి ఒక్క జేఎన్‌యూ మీదే ఆశలన్నీ పెట్టుకోకండి.

మన వాళ్ళకి దగ్గర్లో, నా లెక్కలో రెండో స్థానం పాండిచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీది, పాలిటిక్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో ఎంఏ ఉంది, నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకి ఢిల్లీ కంటే చాలా దగ్గర. కేరళలో కాసరగోడ్ దగ్గర సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, కొట్టాయంలో మహాత్మా గాంధీ యూనివర్సిటీలో ఈ సబ్జెక్టుకి ప్రత్యేక స్కూల్ ఉంది. గుజరాత్ సెంట్రల్ యూనివర్సిటీ, సిక్కిం యూనివర్సిటీ కూడా లిస్టులో రాసుకోండి, దూరం అనిపిస్తుంది కానీ పోటీ కాస్త తక్కువ.

ఢిల్లీలోనే సౌత్ ఏషియన్ యూనివర్సిటీ ఉంది, దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లోని దేశాలన్నీ కలిసి పెట్టింది, 2010లో క్లాసులు మొదలయ్యాయి. ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎంఏ ఉంది. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక పిల్లలతో ఒకే క్లాసులో కూర్చుని సరిహద్దుల గురించి వాదించడం అంటే ఆ అనుభవం ఈ సబ్జెక్టుకి ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు. ఫీజు జేఎన్‌యూ కంటే చాలా ఎక్కువ, ప్రైవేట్ కంటే తక్కువ, స్కాలర్‌షిప్పులు ఉంటాయి.

హైదరాబాద్‌లోనే ఉండాలనుకుంటే హెచ్‌సీయూలో పొలిటికల్ సైన్స్ ఎంఏ ఉంది, ఇంటర్నేషనల్ రిలేషన్స్ అందులో పేపర్లుగా వస్తుంది. ఇల్లు కదలలేని పరిస్థితి ఉన్నవాళ్ళకి, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ళకి ఇగ్నో, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ రెండిట్లో పొలిటికల్ సైన్స్ ఎంఏ ఉంది. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సు ఏది తీసుకున్నా యూజీసీ దూరవిద్య విభాగం అనుమతి ఆ కోర్సుకి ఆ సంవత్సరానికి ఉందో లేదో యూజీసీ సైట్లో చూసి మరీ డబ్బు కట్టండి.

స్టెప్ 4: ఫీజు పక్కన పెట్టి మొత్తం ఖర్చు లెక్కెయ్యండి

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. వెబ్‌సైట్లో ఫీజు చూసి ఇది చౌక, అది ఖరీదు అని తేల్చేస్తారు. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని నిలువు గళ్ళు గీయండి: ఫీజు, హాస్టల్ లేదా రూం, తిండి, రాకపోకలు, పుస్తకాలు, భాష కోర్సు, ఎంట్రన్స్ అప్లికేషన్లు. ఒక్కో కాలేజీకి ఒక్కో వరస. నెలకి కాకుండా కోర్సు మొత్తానికి రాయాలి, ఎందుకంటే నెల లెక్క చూస్తే అన్నీ చిన్నగానే కనిపిస్తాయి.

మా పిన్ని కూతురితో కూర్చుని ఇదే చేశాం. ఢిల్లీ వరసలో రెండు లెక్కలు వేశాం, హాస్టల్ దొరికితే ఒకటి, దొరక్కపోతే ఒకటి. హాస్టల్, మెస్ కలిపి నెలకి 4,000 అనుకుంటే, రెండేళ్ళలో సెలవులు పోను 20 నెలలకి 80,000. బయట జేఎన్‌యూ పక్కనుండే మునీర్కా వైపు ఇద్దరు కలిసి రూం తీసుకుంటే తన వాటా అద్దె 7,000, తిండి 5,000 అనుకున్నాం, అంటే నెలకి 12,000, 20 నెలలకి 2,40,000. యూనివర్సిటీ ఒకటే, ఫీజు ఒకటే, తేడా మాత్రం 1,60,000. పక్క వరసలో ఏడాదికి 3 లక్షలు ఫీజు ఉండే ప్రైవేట్ కాలేజీ వేస్తే ఫీజే 6 లక్షలు, రూం, తిండి కలిపితే 8,40,000 అయింది. కాసేపు ఆ కాగితం వంక చూసి "అన్నా, ఫీజు కంటే హాస్టల్ వస్తుందా రాదా అన్నదే పెద్ద లెక్కలా ఉంది కదా" అంది. అదే. ఈ అంకెలు ఉదాహరణకి వేసినవి, మీరు వెళ్ళే ఊరి రేట్లు అక్కడ చదివేవాళ్ళని అడిగి వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

హాస్టల్ గురించి యూనివర్సిటీని అడగాల్సింది "హాస్టల్ ఉందా" అని కాదు. ఫస్ట్ సెమిస్టర్లో చేరిన మొదటి నెలలోనే దొరుకుతుందా, ఎన్ని నెలలు వెయిటింగ్, దూరం నుంచి వచ్చేవాళ్ళకి ముందు ఇస్తారా, ఇవి అడగాలి. మెస్ బిల్లు విడిగా ఎంత వస్తుందో కూడా అడగండి, చాలాచోట్ల గది అద్దె నామమాత్రంగా ఉండి మెస్ బిల్లే అసలు ఖర్చు అవుతుంది. అమ్మాయిలైతే అమ్మాయిల హాస్టల్లో సీట్ల పరిస్థితి విడిగా కనుక్కోండి.

రాకపోకల గడి కూడా వదిలెయ్యకండి. ఢిల్లీకి విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి స్లీపర్‌లో వెళ్ళొస్తే ఏడాదికి రెండు ట్రిప్పులు పెద్ద ఖర్చు కాదు, సిక్కిం అయితే రైలు దిగాక మళ్ళీ కొండ దారిలో వాహనం పట్టుకోవాలి.

స్టెప్ 5: సిలబస్ తెరిచి చదవండి

డబ్బు లెక్క అయ్యాక మీ దగ్గర నాలుగైదు పేర్లు మిగులుతాయి. ఇప్పుడు ఒక్కో యూనివర్సిటీ సిలబస్ పీడీఎఫ్ దింపుకుని కోర్ పేపర్లు చూడండి. ఇంటర్నేషనల్ రిలేషన్స్ థియరీ, భారత విదేశాంగ విధానం, ఇంటర్నేషనల్ లా, ఇంటర్నేషనల్ పొలిటికల్ ఎకానమీ, అంతర్జాతీయ సంస్థలు, ఈ ఐదూ లేకపోతే అది పేరుకే ఇంటర్నేషనల్ రిలేషన్స్, మామూలు పొలిటికల్ సైన్స్ ఎంఏకి బోర్డు మార్చినట్టు. రీసెర్చ్ మెథడ్స్ పేపర్, చివర్లో డిసర్టేషన్ అంటే సొంతంగా రాసే పరిశోధన వ్యాసం ఉన్నాయా చూడండి, విదేశాల్లో పీహెచ్‌డీకి అప్లై చేసేటప్పుడు రాసి చూపించడానికి అదే మీ చేతిలో ఉండేది.

తర్వాత రీడింగ్ లిస్ట్ చూడండి. ప్రతి యూనిట్ కింద ఇచ్చిన పుస్తకాలు ఏ సంవత్సరానివి? సోవియట్ యూనియన్ కూలిపోయిన తర్వాత ప్రపంచం గురించి ఒక్క పుస్తకం లేకుండా ఇంకా కోల్డ్ వార్ దగ్గరే ఆగిపోయిన సిలబస్ కనిపిస్తే ఆ కోర్సుకి మార్కులు తగ్గించండి. ఫ్యాకల్టీ పేజీ తెరిచి ఎంతమంది పర్మినెంట్, ఎంతమంది గెస్ట్ లెక్చరర్లు, ఎవరు దేని మీద పనిచేస్తున్నారో చూడండి. మీకు చైనా మీద ఇంట్రెస్ట్ ఉంటే ఆ డిపార్ట్‌మెంట్‌లో చైనా మీద పనిచేసే ఒక్కరైనా ఉండాలి కదా.

ఇక భాష. దీని గురించి నేను ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఇంగ్లిష్, తెలుగు, హిందీ మాత్రమే వచ్చిన ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎంఏలు చాలామంది ఉన్నారు, రష్యన్ పేపర్ చదవగలిగినవాళ్ళు, అరబిక్ వార్తలు అర్థం చేసుకోగలిగినవాళ్ళు చాలా తక్కువ. పీవీ నరసింహారావు గారు విదేశాంగ మంత్రిగా పనిచేసి తర్వాత ప్రధాని అయ్యారు, తూర్పు, ఆగ్నేయాసియా దేశాలకి దగ్గరవ్వాలన్న లుక్ ఈస్ట్ విధానం ఆయన హయాంలో మొదలైంది, ఆయనకి స్పానిష్‌తో సహా ఎన్నో భాషలు వచ్చు. కోర్సులో భాష లేకపోతే బయట నేర్చుకోండి, అది కూడా ఖర్చు గడిలో రాయండి. హైదరాబాద్‌లో దోమలగూడ రామకృష్ణ మఠంలో వివేకానంద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లాంగ్వేజెస్ ఉంది, తక్కువ ఫీజుతో విదేశీ భాషలు చెప్తారు, ఎంతోమంది అక్కడే అక్షరాలు దిద్దారు. ఫ్రెంచ్‌కి అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్‌కి గోతే సెంట్రమ్ ఉన్నాయి. భాష ఎంచుకునేటప్పుడు ఏది ఈజీ అని కాకుండా మీరు చదవబోయే ప్రాంతం ఏది అని చూసుకోండి. గల్ఫ్‌లో మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల మనుషులు ఎంతమంది పనిచేస్తున్నారో మనకు తెలుసు, వాళ్ళ కష్టాల మీద, ఆ దేశాల కార్మిక చట్టాల మీద అరబిక్ వచ్చి పనిచేసే తెలుగు రీసెర్చర్ల అవసరం ఎంతో ఉంది.

స్టెప్ 6: డిగ్రీ పేరు, గుర్తింపు

ఇది చిన్న స్టెప్పే కానీ తర్వాత ఏడిపించేది ఇదే. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లలో ఫలానా సబ్జెక్టులో ఎంఏ ఉండాలని రాస్తారు. మీ సర్టిఫికెట్ మీద ఒట్టి గ్లోబల్ అఫైర్స్ అని ఉంటే అది పొలిటికల్ సైన్స్‌కి సమానం అని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావచ్చు. అందుకే టీచింగ్ వైపు వెళ్ళేవాళ్ళు పేరులో పాలిటిక్స్ లేదా పొలిటికల్ సైన్స్ ఉన్న ఎంఏ తీసుకుంటే నయం, పాత నోటిఫికేషన్ ఒకటి దింపుకుని అర్హతల పేరా చదవండి. విదేశీ డిగ్రీ, ముఖ్యంగా ఆన్‌లైన్‌ది అయితే ఇక్కడి డిగ్రీకి సమానం అనే గుర్తింపు, అంటే ఈక్వివలెన్స్, వస్తుందా అన్నది చేరకముందే రాతపూర్వకంగా కనుక్కోండి.

స్టెప్ 7: ఎంట్రన్సులు

సెంట్రల్ యూనివర్సిటీల్లో చాలావాటికి ఇప్పుడు సీయూఈటీ అనే ఉమ్మడి ఎంట్రన్స్ పరీక్షే, 2022 నుంచి వచ్చింది. డిగ్రీకి సీయూఈటీ యూజీ, ఎంఏకి సీయూఈటీ పీజీ. యూజీ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు, ఈ సంగతి మన జిల్లాల్లో చాలామందికి తెలీదు, తెలుగు మీడియం పిల్లలకి తప్పకుండా చెప్పండి. పీజీ అప్లికేషన్లు చలికాలంలోనే మొదలవుతాయి, ఫైనల్ ఇయర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోతుంది. ఏ యూనివర్సిటీ ఏ కోర్సుకి ఏ పేపర్ అడుగుతుందో వేరుగా ఉంటుంది, పేపర్ తప్పుగా ఎంచుకుంటే ర్యాంక్ వచ్చినా సీటు రాదు. పరీక్ష రాశాక కూడా ఒక్కో యూనివర్సిటీ సైట్లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, పరీక్ష రాసి ఊరుకుంటే సీటు వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు. కులం, ఆదాయం, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఉండాలి, మీసేవలో వచ్చే మామూలు కాపీ సరిపోక కౌన్సెలింగ్ రోజు కంగారు పడేవాళ్ళని చూస్తూనే ఉంటాం, ముందే తెచ్చిపెట్టుకోండి.

స్టెప్ 8: విదేశాలు ఎప్పుడు చౌక, ఎప్పుడు కాదు

జర్మనీలో చదువు ఫ్రీ అంటారు. పబ్లిక్ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే, సెమిస్టర్‌కి కొంత కాంట్రిబ్యూషన్ మాత్రం కట్టాలి. కానీ బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరప్ బయటివాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలన్నది 2024 సెప్టెంబర్‌లో వచ్చిన రూల్, యూరో వంద రూపాయలు వేసుకుంటే దాదాపు 12 లక్షలు. అది ఎవరికో కట్టేది కాదు, అక్కడ మీరు తిని బతకడానికి నెలనెలా మీకే వచ్చే డబ్బు, కానీ ముందు మీ దగ్గర ఉండాలి కదా. రెండేళ్ళ ఎంఏకి జీవన ఖర్చే దాదాపు 24 లక్షలు. ఏడాదికి 140 ఫుల్ డేస్ పార్ట్‌టైమ్ చెయ్యనిస్తారు కాబట్టి కొంత సంపాదించుకోవచ్చు, ఆ సంపాదన నమ్ముకుని మాత్రం బయల్దేరకండి. వీసాకి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మీ చదువు సర్టిఫికెట్లు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చే కాగితం కూడా కావాలి, మన వాళ్ళకి 2022 నవంబర్ నుంచి తప్పనిసరి చేశారు.

ఇంటర్ అవ్వగానే జర్మనీలో బీఏకి వెళ్ళాలనుకునేవాళ్ళకి నేరుగా సీటు రావడం కష్టం, సాధారణంగా ఇక్కడ డిగ్రీలో ఒక ఏడాది పాసై వెళ్ళడమో, అక్కడ స్టూడియెన్‌కొల్లెగ్ అనే ప్రిపరేటరీ ఏడాది చెయ్యడమో ఉంటుంది. క్లేవ్ ఊర్లో రైన్ వాల్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ మీడియంలోనే ఇంటర్నేషనల్ రిలేషన్స్ బీఏ ఉంది. ఎక్కువ కోర్సులు మాత్రం జర్మన్‌లోనే, డ్రెస్డెన్ లాంటి మంచి చోట్ల బీఏకి జర్మన్ గట్టిగా రావాలి.

నార్వే ఫ్రీ అని రాసిన పాత లిస్టులు ఇంకా తిరుగుతున్నాయి, 2023 నుంచి అక్కడ యూరప్ బయటి విద్యార్థులకి ఫీజు పెట్టారు, నమ్మకండి. హంగేరీ ప్రభుత్వం ఇచ్చే స్టిపెండియం హంగారికం స్కాలర్‌షిప్‌కి ఇండియా నుంచి అప్లై చెయ్యొచ్చు, ఇంటర్నేషనల్ రిలేషన్స్ కోర్సులు అందులో ఉన్నాయి. ఎంఏకి యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఇరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1,400 యూరోలు ఇస్తారు, ఫీజు కూడా వాళ్ళే కడతారు, లైప్‌జిగ్ యూనివర్సిటీ ముందుండి నడిపే గ్లోబల్ స్టడీస్ కోర్సు ఒకటి చూడండి. పోటీ ఎక్కువే, కానీ అప్లికేషన్‌కి పెద్ద ఖర్చు లేదు కాబట్టి ప్రయత్నించకపోవడానికి కారణం లేదు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి లెక్క వేరు. అక్కడ చౌక అన్నది మీరు ఆ రాష్ట్రం రెసిడెంటా కాదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ, అదే క్యూనీ, తీసుకోండి: అందులో సిటీ కాలేజ్‌లో ఇంటర్నేషనల్ స్టడీస్ బీఏ ఉంది. రెసిడెంట్ అయితే ట్యూషన్ సెమిస్టర్‌కి 3,465 డాలర్లు, నాలుగేళ్ళకి 27,720. బయటి వాళ్ళకి క్రెడిట్‌కి 620, డిగ్రీకి 120 క్రెడిట్లు అంటే 74,400. కమ్యూనిటీ కాలేజ్‌లో సెమిస్టర్ 2,400 చొప్పున రెండేళ్ళు చదివి సిటీ కాలేజ్‌కి మారితే మొత్తం 23,460 అవుతుంది, కాకపోతే ఏ క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అవుతాయో మొదటి సెమిస్టర్‌లోనే రాయించుకోవాలి. అమెరికా కేంద్ర ప్రభుత్వ సాయం కోసం పెట్టే ఫాఫ్సా అప్లికేషన్ సిటిజన్లకి, గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఉంటుంది, తల్లిదండ్రుల హెచ్1బీ మీద ఆధారపడి హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకి రాదు. హెచ్4 మీద ఇన్‌స్టేట్ ఫీజు ఇస్తారా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కాలేజీలో రెసిడెన్సీ ఆఫీస్‌ని అడగండి. ప్రతి కాలేజీ సైట్లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, సాయం పోను మీరు కట్టేది ఎంతో చెప్తుంది, బ్రోచర్ మీద ఉన్న ఫీజు వదిలేసి అది చెప్పే అంకెతో పోల్చండి.

ఇండియా నుంచి అమెరికా ఆన్‌లైన్ డిగ్రీ చేసి దాంతో వీసా వస్తుందని ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తే లేచి వచ్చేయండి. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సుకి ఎఫ్1, అంటే స్టూడెంట్ వీసా ఇవ్వరు.

స్టెప్ 9: స్కాలర్‌షిప్పులు, ఇంటర్న్‌షిప్పులు

తెలంగాణలో విదేశీ చదువుకి ఎస్సీ, ఎస్టీలకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్న పథకం, మైనారిటీలకి విడిగా ఒకటి ఉన్నాయి. మీ సబ్జెక్టు, మీ దేశం వాళ్ళ లిస్టులో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు లాంటివాళ్ళకి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఎంఏ, పీహెచ్‌డీకే ఇస్తారు. 2022లో రూల్స్ మార్చి భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇండియా మీద సామాజిక అధ్యయనం లాంటి అంశాలకి ఇవ్వం అన్నారు, కాబట్టి భారత విదేశాంగ విధానం మీద చేద్దాం అనుకునేవాళ్ళు రూల్స్ వాక్యం వాక్యం చదవాలి.

విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్ మాత్రం వదులుకోవద్దు, నెలకి గౌరవ వేతనం ఇస్తారు, దేశమంతటి నుంచి తీసుకుంటారు. సప్రూ హౌస్‌లోని ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ లాంటి చోట్ల కూడా చూడండి. ఢిల్లీలో చదివేవాళ్ళకి ఇవి క్లాసులయ్యాక బస్సెక్కి వెళ్ళేంత దూరంలో ఉంటాయి, ఊరు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి కూడా ఒక గడిలో రాసుకోండి.

స్టెప్ 10: అక్కడ చదువుతున్నవాళ్ళతో మాట్లాడాక డబ్బు కట్టండి

ఇద్దరు ముగ్గురు సీనియర్లని పట్టుకోండి, పెద్ద యూనివర్సిటీల్లో మన తెలుగు పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు, లింక్డిన్‌లోనో టెలిగ్రామ్‌లోనో దొరుకుతారు. "అన్నా, కాలేజీ బాగుంటుందా" అని అడిగితే "బాగుంటుందమ్మా" అనే అంటారు, దానివల్ల మీకు తెలిసేదేం లేదు. హాస్టల్ ఏ నెలలో వచ్చింది, నిరుటి మెస్ బిల్లు నెలకి ఎంత, సిలబస్‌లో ఉన్న ఆప్షనల్ పేపర్లలో నిజంగా చెప్పినవి ఎన్ని, భాష క్లాసులో సీటు దొరికిందా, డిసర్టేషన్ గైడ్ ఎన్నిసార్లు కలిశారు, పోయినేడు పాసైన బ్యాచ్‌లో ముగ్గురు ఇప్పుడు ఎక్కడున్నారు, ఇవి అడగండి. వచ్చిన జవాబులు అదే నోట్‌బుక్‌లో ఆ కాలేజీ వరస పక్కనే రాసుకోండి. ఫోన్ చేసేది సెమిస్టర్ మధ్యలో, ఆదివారం పూట చెయ్యండి, పరీక్షల టైంలో చేస్తే వాళ్ళకీ ఇబ్బంది, మీకూ సగం సగం జవాబులే వస్తాయి.